కుట్లు వేయకముందు ఒక్కమాట అడగండి

కూరలు తరుగుతుంటే వేలు తెగడం మనకేమైనా కొత్తా? కత్తిపీట, మిక్సీ బ్లేడు, డబ్బా మూత, కొబ్బరి చిప్ప... ఏదో ఒకటి గీరుకుంటూనే ఉంటుంది. కొంగుతో అదిమి, చిటికెడు పసుపు పెట్టి, పోపు మాడిపోకుండా చూసుకుంటాం. చాలాసార్లు ఏమీ కాదు కూడా. చర్మం తెగుతుంది, నాలుగు రోజుల్లో మానుతుంది. ఈ వారం నేను చెప్పబోయేది ఆ గాయాల సంగతి కాదు. పైకి అచ్చం అలాగే కనబడి, లోపల మరోలా ఉండే గాయాల సంగతి.

గాజువాక నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చూడండి. ఆవకాయ జాడీ దించుతుంటే చెయ్యి జారి పగిలింది. గాజు పెంకు అరచేతిలో, ఉంగరం వేలి మొదట్లో దిగింది. అంగుళం పొడుగు గాయం. రాత్రి తొమ్మిదింటికి దగ్గర్లోని నర్సింగ్ హోముకి పరిగెత్తారు. పెద్ద డాక్టరు లేరు. ఉన్నాయన గాయం తుడిచి, మత్తు సూది ఇచ్చి, నాలుగు కుట్లు వేసి, ధనుర్వాతం ఇంజెక్షను ఇచ్చి పంపేశారు. పావుగంటలో అంతా అయిపోయింది. వేలు వంచమని ఎవరూ అడగలేదు. కుట్లు విప్పాక చూసుకుంటే ఉంగరం వేలు కొస వంగదు, చిటికెన వేలు ఒక పక్క మొద్దుబారి ఉంది. "వాపు తగ్గితే అదే సర్దుకుంటుంది" అన్నారట. మూడు నెలలు గడిచాయి, సర్దుకోలేదు. "బిందె పట్టుకుంటే జారిపోతోంది. చపాతీ పిండి కలపలేను. ఇంత చిన్న గాయానికి ఫిర్యాదు చేస్తే నవ్వరా అండీ?" అని అడుగుతోంది ఆవిడ.

నవ్వవలసిన విషయం కాదమ్మా. ఎందుకు కాదో తెలియాలంటే ముందు మన చేతిలో ఏముందో తెలియాలి.

మనం మాటల్లో అన్నింటినీ 'నరం' అనేస్తాం. రక్తం చిమ్మితే నరం తెగిందంటాం, తిమ్మిరెక్కితే నరం అంటాం, వేలు వంగకపోయినా నరమే అంటాం. నిజానికి అవి మూడు వేర్వేరు వస్తువులు. రక్తాన్ని మోసేది రక్తనాళం. స్పర్శ తెలియజేసేదీ, కండకి ఆజ్ఞ మోసుకెళ్ళేదీ అసలు నరం. వేలిని లాగి వంచేది తాడులాంటిది. దాన్ని డాక్టర్లు టెండన్ అంటారు. తోలుబొమ్మని ఆడించే దారం ఎలాగో ఇదీ అలాగే. వేళ్ళలో కండలు లేవు. కండలు మోచేతి కిందా, అరచేతిలోనూ ఉండి ఈ తాళ్ళతో వేళ్ళని ఆడిస్తాయి. అరచేతి వైపు చర్మానికి కాస్త లోతులోనే ఈ తాళ్ళూ, నరాలూ, రక్తనాళాలూ పక్కపక్కనే ఉంటాయి. అందుకే అంగుళం గాజు పెంకు మూడింటినీ ఒక్కసారే కోసేయగలదు. "నరం తెగింది" అని ఆస్పత్రిలో ఎవరైనా అంటే "స్పర్శ నరమా, వేలు వంచే తాడా?" అని అడగండి. రెండింటికీ వైద్యం వేరు.

తెగిన టెండన్ దానంతట అది అతుక్కోదు. రబ్బరు బ్యాండులా దాని కొస వెనక్కి ముడుచుకుపోతుంది. మొదటి రోజుల్లోనే, మహా అయితే వారం పదిరోజుల్లోపు, రెండు కొసలూ పట్టుకుని కుడితే మంచి ఫలితం వస్తుంది. రెండు మూడు వారాలు దాటితే కొసలు ముడుచుకుపోయి, దారి మూసుకుపోయి, పని కష్టమవుతుంది. పైన చర్మం నీటుగా కుట్టేసి లోపల తాడు వదిలేస్తే గాయం మానుతుంది గాని చెయ్యి బాగుపడదు. కుట్లు ఎంత అందంగా పడ్డాయన్నది లెక్క కాదు. కుట్టేముందు లోపల చూశారా లేదా అన్నదే లెక్క.

మరి ఎలా చూడాలి? దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. రెండు నిమిషాల పని. డాక్టరుగారు చేయకపోతే మీరే మర్యాదగా అడగవచ్చు.

మొదటిది, మత్తు సూది ఇవ్వకముందే స్పర్శ చూడాలి. కళ్ళు మూసుకోమని, ప్రతి వేలికీ రెండు పక్కలా దూదితోనో, పెన్ను కొసతోనో తాకి "తెలుస్తోందా, రెండో చేతిలాగే ఉందా?" అని అడగాలి. సూది ఇచ్చాక అడిగి లాభం లేదు. అప్పుడు ఎలాగూ తెలియదు.

రెండోది, వేళ్ళు ఒక్కొక్కటిగా ఆడించి చూడాలి. వేలి నడిమి కణుపు కదలకుండా పట్టుకుని కొస మాత్రం వంచమనాలి. తర్వాత మిగిలిన వేళ్ళు చాచి పట్టుకుని ఆ ఒక్క వేలూ వంచమనాలి. ఒక్కో వేలికి వంచే తాళ్ళు రెండు. ఒకటి తెగినా రెండోది వేలిని కొంత వంచుతుంది. అందుకే "ఆఁ, వంగుతోందిగా!" అని సరిపెట్టుకోకూడదు. వేలు చాచడం కూడా చూడాలి. సగం తెగిన తాడు ఆ రోజు పని చేసి, వారం తర్వాత పుటుక్కున తెగవచ్చు. అందుకని వేలు వంగుతున్నా గాయం తెరిచి లోపల చూడటం అవసరం.

మూడోది, గాజు గుచ్చుకుంటే ఎక్స్‌రే. గాజు ఎక్స్‌రేలో కనబడదని చాలామంది అనుకుంటారు. దాదాపు అన్నిరకాల గాజూ కనబడుతుంది. ముల్లు, కర్రపేడు మాత్రం సాధారణంగా కనబడవు. వాటిని వెతికి తీయాల్సిందే.

పసిపిల్లలు చెప్పలేరు కదా, వాళ్ళ సంగతేమిటంటారా? బట్టలు ఉతికాక మన వేళ్ళ కొసలు ముడతలు పడతాయి చూశారూ, నరం తెగిన వేలు ఎంతసేపు నీళ్ళలో నానినా అలా ముడతలు పడదు. గాయం మానాక, పిల్లల వేలి సంగతి తెలుసుకోవడానికి డాక్టర్లు ఈ గుర్తు కూడా చూస్తారు. పచ్చి గాయాన్ని మాత్రం నీళ్ళలో నానబెట్టకండి.

ఇక ఆస్పత్రికి చేరేలోపు ఇంట్లో చేయవలసినవి. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి. పది నిమిషాలు తీసి చూడకుండా అలాగే ఉంచండి. చెయ్యి గుండెకన్నా ఎత్తులో పట్టుకోండి. ఉంగరాలు, గాజులు వెంటనే తీసేయండి. గంటకి వాచిపోతే కోసి తీయాల్సి వస్తుంది. వేలికి దారమో, రబ్బరు బ్యాండో బిగించి కట్టకండి. కాఫీపొడి, సున్నం, ఆకుపసరు వద్దే వద్దు. లోతు గాయంలో అవి మురికి చేరుస్తాయి, లోపల ఏముందో కనబడనివ్వవు. ఇంకొకటి, పక్కింటివాళ్ళు ప్రేమకొద్దీ కాఫీ, హార్లిక్స్ పట్టుకొస్తారు. తాగకండి. మత్తిచ్చి ఆపరేషన్ చేయాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి.

వేలు పూర్తిగా తెగి పడితే దాన్ని పారేయకండి, ఐసు ముక్కల మధ్య నేరుగానూ పెట్టకండి. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరుని ఐసు వేసిన నీళ్ళ గిన్నెలో ఉంచి తీసుకెళ్ళండి. ఐసు నేరుగా తగిలితే వేలు గడ్డకట్టి పాడైపోతుంది. వేలైతే కొంత ఎక్కువసేపు నిలుస్తుంది గాని, మణికట్టో చెయ్యో అయితే ఆరు గంటల లోపు చేరాలి. 1963లో షాంఘైలో ఒక కార్ఖానా కార్మికుడి కుడిచెయ్యి మణికట్టు దగ్గర యంత్రంలో పూర్తిగా తెగిపోతే డాక్టర్ చెన్ జోంగ్‌వీ బృందం తిరిగి అతికించింది. అరవై ఏళ్ళ కిందటే సాధ్యమైన పని ఇది. ఆలస్యం కాకుండా, సరైన చోటికి చేరడమే ముఖ్యం.

మన విశాఖలో ఈ మాట మరీ అవసరం. 1997లో రిఫైనరీ మంటలు, 2012లో ఉక్కు ఫ్యాక్టరీలో ఆక్సిజన్ ప్లాంటు పేలుడు, 2020లో వెంకటాపురం గ్యాసు లీకు. ఇవన్నీ పేపర్లలో పడ్డాయి, దేశమంతా చూసింది. ఆటోనగర్ లేతు మీద నలిగిన వేలు, పోర్టులో తాడుకీ కమ్మీకీ మధ్య చిక్కిన చెయ్యి, ఫిషింగ్ హార్బరులో చేపలు కోసే అక్క అరచేతిలో దిగిన ముల్లు ఏ పేపర్లోనూ పడవు. చేపముల్లు గుచ్చుకున్న వేలు మర్నాటికి మొత్తం వాచి, కాస్త వంగి ఉండిపోయి, చాచబోతే ప్రాణం పోయినట్టుంటే, ఆ వేలి వెంబడి తాకితే నొప్పెడితే, అది తాడు గొట్టంలో చేరిన చీము. మాత్రలు మింగి కూర్చోకుండా ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి. అలాగే మీవారో, మీ అబ్బాయో వర్క్‌షాపులో గ్రీజు గన్నుతోనో, పెయింటు గన్నుతోనో పనిచేస్తూ వేలికి చిన్న సూది బెజ్జం పడిందని వస్తే తేలిగ్గా తీసుకోకండి. ఆ ఒత్తిడికి గ్రీజు వేలి లోపలంతా పాకి ఉంటుంది. మొదట నొప్పి కూడా అంతగా ఉండదు. అది నిజంగా అత్యవసరం.

ఎక్కడికెళ్ళాలి? 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 మీకందరికీ తెలిసిందే. ఫోను చేసినప్పుడు "చెయ్యి తెగింది, వేలు వంగడం లేదు" అని స్పష్టంగా చెప్పండి. 1923 నుంచి ఉన్న కింగ్ జార్జి ఆస్పత్రి ఉత్తరాంధ్రకంతటికీ పెద్దదిక్కు. శ్రీకాకుళం, విజయనగరం నుంచే కాదు, ఒడిశా నుంచీ వస్తారు. అక్కడ ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. ప్లాస్టిక్ సర్జరీ అంటే సినిమావాళ్ళ ముక్కు సరిచేయడం అనుకోకండి. తెగిన తాడు, నరం కుట్టేది ఎక్కువగా వాళ్ళే. ఏ నర్సింగ్ హోముకి వెళ్ళినా మొదటి ప్రశ్న ఇదే అడగండి: "టెండన్, నరం కుట్టే సర్జన్ మీ దగ్గర ఉన్నారా? లేకపోతే గాయం కడిగి, కట్టు కట్టి, ఈ పూటే ఎక్కడికి వెళ్ళాలో రాసివ్వండి." ఇలా అడగడం అవమానించడం కాదు. తన దగ్గర లేని వైద్యానికి మరోచోటికి పంపే డాక్టరే మంచి డాక్టరు.

క్యాజువాలిటీల్లో పనిచేసేవాళ్ళందరూ నిర్లక్ష్యపరులని నేననను. రాత్రంతా నిలబడి, ఒకపక్క యాక్సిడెంటు కేసు, ఒకపక్క గుండెనొప్పి చూసే కుర్ర డాక్టరుకి మన అంగుళం గాయం చిన్నదిగానే కనబడుతుంది. అత్యవసర వైద్యాన్ని ఒక ప్రత్యేక శాస్త్రంగా మన దేశంలో వైద్య మండలి గుర్తించిందే 2009లో. అయినా సరే, ఆ లోటుకి మన చెయ్యి బలి కానక్కర్లేదు. మనం అడిగే రెండు ప్రశ్నలు ఆయనకీ సాయమే.

"ముందు డబ్బు కట్టండి", "పోలీసు కేసు, మేం చూడం" అంటే? 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. గాయపడినవాళ్ళకి ముందు వైద్యం, తర్వాతే పోలీసు తతంగం. ఇది ప్రభుత్వ డాక్టరుకీ, ప్రైవేటు డాక్టరుకీ వర్తిస్తుంది. 1992లో పశ్చిమ బెంగాల్లో రైలు నుంచి పడిన ఒక కూలీని కలకత్తాలో ఒక ప్రభుత్వ ఆస్పత్రి తర్వాత మరొకటి మంచం లేదని తిప్పి పంపాయి. చివరికి అతను ప్రైవేటులో డబ్బు పోసి బతికాడు. 1996లో సుప్రీంకోర్టు అతనికి 25,000 రూపాయలు ఇప్పిస్తూ, అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కుని కాలరాయడమేనంది. ఈ రెండు తీర్పుల సంగతీ గుర్తుంచుకోండి. గొంతు పెంచక్కర్లేదు, తెలుసని చెబితే చాలు.

ఇప్పుడు మనవైపు తప్పొకటి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. క్యాజువాలిటీలో "ఏం పని చేస్తారు?" అని అడుగుతారు. మనం ఏమంటాం? "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను." ఆ మాట చీటీ మీద ఎక్కుతుంది. కుట్టుమిషను తొక్కేవాళ్ళకి వేలు ఎంత ముఖ్యమో, వీణ వాయించేవాళ్ళకి ఎంత ముఖ్యమో డాక్టరు ఆలోచిస్తారు. ఏం పనీ లేదన్నవాళ్ళ వేలి గురించి ఎవరు ఆలోచిస్తారు? 1989 మార్చి 3న మనలాగే ఉక్కు ఊరైన జంషెడ్‌పూర్‌లో కంపెనీ ఉత్సవంలో పందిరి అంటుకుని అరవై మంది పోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలూ. నష్టపరిహారం లెక్క వచ్చేసరికి ఇల్లాలి పనికి ఎంత అన్న ప్రశ్న వచ్చింది. 2001లో సుప్రీంకోర్టు నెలకి మూడు వేల రూపాయల చొప్పున లెక్క కట్టింది. తక్కువే అనిపించవచ్చు గాని, ఆ పనికి ఖరీదుందని కోర్టు ఒప్పుకుంది. అలాంటప్పుడు మనమే లేదనడం ఏమిటి? ఈసారి అడిగితే ఇలా చెప్పండి: "పొద్దున్న అయిదు నుంచి రాత్రి పది దాకా చేత్తోనే పని. నాది కుడిచేతి వాటం." చీటీ మీద ఆ మాట రాయించండి.

ఆపరేషన్ అయ్యాక అసలు పరీక్ష ఇంట్లోనే మొదలవుతుంది. కుట్టిన తాడు గట్టిపడటానికి దాదాపు 12 వారాలు పడుతుంది. మొదటి ఆరు వారాలు పట్టీ తీయకుండా, ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పినట్టే వేళ్ళు ఆడించాలి. అసలు ఆడించకపోతే అతుక్కుపోతాయి, అతిగా ఆడిస్తే తెగుతాయి. మూడో వారంలో "ఇప్పుడు బాగానే ఉందిగా" అని నీళ్ళ బిందె ఎత్తితే చేసిన ఆపరేషన్ అంతా వృథా. ఇంట్లో మగవాళ్ళకీ, పెద్దవాళ్ళకీ ఇది ముందే చెప్పండి. మూడు నెలలు బిందెలూ, అంట్లూ, బట్టలు పిండటం వాళ్ళ వంతు. మొహమాటపడితే పోయేది మీ వేలు.

ఇక గాజువాక సోదరికి. మీ చెయ్యి ఇప్పటికీ చేజారిపోలేదమ్మా. ఆలస్యమైనా వేరేచోటి నుంచి తాడు తెచ్చి అతికించే ఆపరేషన్లున్నాయి. ఒక్కోసారి రెండు విడతలుగా చేస్తారు. ముందు ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించండి. తర్వాత ఆ నర్సింగ్ హోముకి వెళ్ళి మీ కేసు షీటు నకలు రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో డాక్టర్లు రికార్డులు ఇవ్వాలని 2002 నాటి నియమాలు చెబుతున్నాయి. చీటీలు, బిల్లులు, ఎక్స్‌రేలు, వేలి ఫొటోలు తేదీలతో ఒక ఫైల్లో పెట్టండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలింది. రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మలేరియా వచ్చిన ఇల్లాలికి టైఫాయిడ్ మందులిచ్చిన హైదరాబాదు ఆస్పత్రి కేసులో, తప్పు స్పష్టంగా కనబడుతున్నప్పుడు ప్రతిదానికీ నిపుణుడి సాక్ష్యం కావాలనక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు అంది. ఆపరేషన్ చేసినా ఫలితం రాకపోవడం వేరు, అసలు వేలు వంచి చూడకపోవడం వేరు. మొదటిది దురదృష్టం కావచ్చు. రెండోది అడగదగిన విషయమే.

మిగిలినవాళ్ళందరూ ఈ వారం ఒక చిన్న పని చేయండి. ఒక కాగితం మీద ఇవి రాసి, వంటింటి అలమారు తలుపు లోపలి వైపు అంటించండి: 108. రాత్రివేళ టెండన్, నరం కుట్టే సర్జన్ దొరికే ఆస్పత్రి పేరు, ఫోను నంబరు (రేపే ఫోను చేసి కనుక్కోండి). "మత్తు సూదికి ముందు స్పర్శ చూశారా? వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూశారా? లోపల ఏం తెగిందో చీటీ మీద రాశారా?" తెగిన చేత్తో కంగారులో ఉన్నప్పుడు మీకు గుర్తురాదు. పక్కనున్న మీ అమ్మాయో, పక్కింటావిడో చదివి అడుగుతారు.